పిల్లది ఏ జాతి?

వైరస్ పరీక్షశాల డాక్టరమ్మ గారికి గుర్రపుశాల పెద్ద నమస్కారాలు.

మా పిల్లకు ఐదు రోజులుగా విరేచనాలు. పుట్టి నెలైనా కాలేదు. తల్లి దగ్గరికి కూడా పోకుండా గడ్డిలో తల వాల్చి పడుకుంటోంది. రోటావైరస్ అన్నాడు మా పశువైద్యుడు. అందులో ఏ జాతో తేల్చేది మీరేనట. శాలలో ఇంకో మూడు గుర్రాలు చూడితో ఉన్నాయి. ఈ జాతికి టీకా పనిచేసేటట్టయితే నెలాఖరులోగా వాటికి వేయించాలి. లేకపోతే వాటి పిల్లలకూ ఇదే గతి. త్వరగా చెప్పండి.

పరీక్షకు దాని మలం సీసాలో పంపుతున్నాం, మీద ‘పిల్ల’ అని మా ఆవిడ రాసింది. దస్తూరీ గుండ్రంగా ఉంటుంది, పోల్చుకోగలరు.

ఇట్లు,
గుర్రపుశాల పెద్ద

తా.క.: ఇంట్లో మా మనవరాలికీ ఇదే బాధ. ఎనిమిది నెలలది, ఇప్పుడిప్పుడే పాకుతోంది. దాని సీసా అల్లుడు పిల్లల డాక్టరుకు ఇచ్చొచ్చాడు. రెండు సీసాలూ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ పెరుగు ముట్టలేదు.

*

పెద్దాయన గారికి నమస్కారం.

సీసా భద్రంగా చేరింది. రెండుసార్లు పరీక్షించాను. రోటావైరసే, అనుమానం లేదు. చిక్కంతా జాతి దగ్గరే వచ్చింది. మీ పిల్లది గుర్రాల జాతి కాదు, మనుషుల జాతి. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. టీకా గుర్రాల జాతి కోసం తయారైనది కాబట్టి, మీకు పనిచేస్తుందని ఇప్పుడే చెప్పలేను.

భవదీయురాలు,
పరీక్షశాల డాక్టరు

తా.క.: మీ పిల్ల గురించి వైద్య పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. ఫోటో ఉంటే పంపండి.

*

డాక్టరమ్మా,

నమస్కారం తరవాత పెడతాను, ముందు సంగతి తేల్చండి. మా పిల్ల గుర్రాల జాతి కాదా? నలభై ఏళ్ళు గుర్రాల మధ్య బతికినవాణ్ణి, గుర్రమేదో కానిదేదో నాకు తెలియదా? దాని తల్లి నా చేతుల్లో పుట్టింది. తండ్రి పదకొండు పందాల్లో మొదట వచ్చింది. ఏడు తరాల వంశవృక్షం జత చేస్తున్నాను. అందులో మనిషి ఎక్కడున్నాడో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిప్పి పంపండి. మీ ఉత్తరం మా యజమాని కంటపడితే నా ఉద్యోగం ఊడినట్టే.

ఇట్లు,
ఒళ్ళు మండుతున్న గుర్రపుశాల పెద్ద

తా.క.: నమస్కారం. పిల్ల నిన్న లేచి గంతులు వేసింది. అవి మనిషి జాతి గంతులు కావు. మనవరాలి సంగతే అయోమయంగా ఉంది. పిల్లల డాక్టరు సీసా చూసి, పీచు మరీ ఎక్కువగా ఉంది, ఆకుకూరలు తగ్గించమన్నాడట. దానికింకా పళ్ళే రాలేదు.

*

పెద్దాయన గారికి మళ్ళీ నమస్కారం.

వంశవృక్షం చూశాను. మా ఇంట్లో మూడు తరాల పేర్లే సరిగ్గా ఎవరికీ తెలియవు, కాస్త కుళ్ళుకున్నాను కూడా. నేనన్న జాతి మీ పిల్లది కాదండీ, దాని కడుపులో చేరిన వైరస్‌ది. మీ పిల్ల అచ్చమైన గుర్రమే. విడమరిచి రాయకపోవడం నా తప్పు. కాని మనుషుల వైరస్ గుర్రం కడుపులోకి ఎలా వెళ్ళిందో తేలేదాకా టీకా మాట ఎత్తలేను. దాన్ని ఎవరైనా ముద్దుపెట్టుకున్నారా?

భవదీయురాలు,
పరీక్షశాల డాక్టరు

తా.క.: మా ఆయనా డాక్టరే. భోజనం దగ్గర మీ గుర్రం సంగతి ఎత్తితే, తన దగ్గర అంతకన్నా వింత కేసు ఉందని కొట్టిపారేస్తున్నారు.

*

డాక్టరమ్మ గారికి నమస్కారం, ఈసారి మొదట్లోనే.

తొందరపడి నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకండి. ముద్దుపెట్టుకున్నది నేనొక్కణ్ణే, నా కడుపు నిక్షేపంగా ఉంది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులే. ఆ మూడు గుర్రాల మొహాలు చూడలేకపోతున్నాను.

ఇంకో వింత. మా మనవరాలికి వచ్చింది గుర్రాల జాతని పిల్లల డాక్టరు చెప్పాడట. ఇంట్లో అందరూ గొల్లుమన్నారు. జాతి పిల్లది కాదు, వైరస్‌దని నేనే మీలాగా విడమరిచి చెప్పాను. అల్లుడు మాత్రం అప్పటినుంచి నన్ను ఎగాదిగా చూస్తున్నాడు.

ఇట్లు,
గుర్రపుశాల పెద్ద

తా.క.: ఆ డాక్టరూ వ్యాసం రాస్తున్నాడట, ఆయనా ఫోటో అడిగాడు. మా ఆవిడ రెండు ఫోటోల వెనకా ‘పిల్ల’ అని రాసి, కవర్లలో పెట్టి ఇద్దరికీ పంపింది.

*

పెద్దాయన గారికి నమస్కారం.

నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చుని మీ కవరు విప్పాను. లోపల పళ్ళు లేని పాప నవ్వుతోంది. ఎదురుగా మా ఆయన తనకొచ్చిన కవరు విప్పారు. అందులో తోకెత్తి గంతులేస్తున్న గుర్రప్పిల్ల. వెనక రెంటికీ అదే గుండ్రటి దస్తూరీ.

మీ మనవరాలి డాక్టరు మా ఆయనే. మూడు వారాలుగా నేను మనుషుల వైరస్ వచ్చిన గుర్రం గురించీ, ఆయన గుర్రాల వైరస్ వచ్చిన పాప గురించీ ఒకే బల్ల దగ్గర గొప్పలు పోతున్నాం. రోగుల ఊరూ పేరూ బయట చెప్పకూడదన్న నియమం ఇద్దరం తు.చ. తప్పకుండా పాటించాం. అదే మా కొంప ముంచింది.

రెండు సీసాల మీదా ‘పిల్ల’ అనే ఉండటంతో అవి తారుమారయ్యాయి. మీకు కావలసిన జవాబు ఇన్నాళ్ళూ మా ఆయన సొరుగులోనే ఉంది. ఆయనకు చేరిన సీసా తెప్పించి నేనూ సరిచూశాను. గుర్రాల జి-3 జాతి. మన టీకా సరిగ్గా దానికోసమే. ఈ ఉత్తరం అందగానే మూడు గుర్రాలకూ మొదటి టీకా వేయించండి. పాపది చంటిపిల్లలకు మామూలుగా వచ్చేదే, భయం లేదు. ఆకుకూరల మాట మా ఆయన వెనక్కి తీసుకున్నారు.

వ్యాసాలు రెండూ చించేశాం. ఫోటోలు మాత్రం తిరిగి ఇవ్వం. రెండూ భోజనం బల్ల పక్కన గోడకు పెట్టుకున్నాం, చూసినప్పుడల్లా నవ్వొస్తోంది.

భవదీయురాలు,
పరీక్షశాల డాక్టరు

తా.క.: ఇకమీదట సీసా మీద ‘పిల్ల’ అని రాయవద్దని మీ ఆవిడ గారితో చెప్పండి. నాలుగు కాళ్ళ పిల్ల అనీ వద్దు, మీ మనవరాలు ఇంకా పాకుతోంది కదా. తోక ఉందో లేదో రాస్తే చాలు.