కారులో స్పీడు ముల్లు

బావా,

టెక్కలి మలుపులో కారు గోతిలో పడి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దేశం వదిలి వెళ్లిపోయే తెల్లదొర దగ్గర నువ్వు మోజుపడి కొన్న ఆ కారును అక్క అమ్మేసింది. రేపు పట్టుకుపోతారు. స్పీడు ముల్లు ఒక్కటే బాగుచేయాల్సి ఉంటే ఇవాళ కూర్చున్నాను.

అది ఊగుతోందని నువ్వు మూడుసార్లు నా షెడ్డుకొచ్చావు. "ఇరవై సూపిత్తాది, అంతలోనే నలభై సూపిత్తాది. ఏది నమ్మాల బామ్మర్దీ?" అన్నావు. "ముల్లుకేటీ కానేదు, నీ కాలికే కుదురు నేదు" అని నవ్వి పంపేశాను.

ఇవాళ ముల్లును తిప్పే మీటరు తీగ బయటికి లాగితే నల్లగా జిగురు కట్టి, పట్టి పట్టి తిరుగుతోంది. జీడిపిక్కల నూనె. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదని, పడవకు పూసినట్టు, నువ్వు కారు కొన్న కొత్తలో దానికి పూసింది నేనే. కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టాను. అరగంట పని. కాశీబుగ్గ దాకా నడిపితే ముల్లు ముప్పై మీద కదలకుండా నిలబడింది.

నువ్వు ఒళ్లు తెలియకుండా తోలావని ఊరంతా అంది. నేనూ తలూపాను. అక్క అదే నమ్మి ఏడాదిగా నిన్ను తిడుతూ ఏడుస్తోంది.

తిరిగొచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటైందిరా దానికి?"

"ఏటీ నేదక్కా. పాతదైపోనాది" అన్నాను.