చెక్కకు జానెడు ముందే దూకినవాడు

జాబ్రియా, మంగళవారం

అన్నా,

నువ్వు చనిపోయి ఈరోజుకు రెండేళ్లు. మన దేశంవాళ్లను ఇక్కడి నుంచి తీసుకెళ్లే బస్సు శుక్రవారం బయలుదేరుతుంది. ఎక్కాలో వద్దో అడగడానికి నాకు ఇంకెవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి రాగానే, నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మామా అని పిలుస్తానే, ఆమె వాళ్లు నా పాస్‌పోర్టుతో సహా సౌదీకి వెళ్లిపోయారు. బస్సు కోసం రెండుసార్లు బయలుదేరి, తనిఖీ దగ్గర తుపాకులు చూసి వెనక్కి వచ్చేశాను.

"బస్సేమన్నా నీ మొగుడా మే, నీ కోసం కాసుకోనుండేదానికి? ఈ తూరి గూడా ఎనక్కొచ్చినావంటే ఇడిసిపెట్టి పోతా," అంది పక్కింట్లో వంటచేసే ఓబులమ్మక్క.

నిన్న రేడియోలో బస్సుల వార్త కోసం వెతుకుతుంటే ఏదో అంతర్జాతీయ పోటీలో ట్రిపుల్ జంప్ వినిపించింది. కాలేజీ గ్రౌండులో ఇసుక చదును చేస్తూ నువ్వు చెప్పేదే అక్కడా జరిగింది. కాలు పెట్టి ఎగరాల్సిన చెక్క దాటేసి రెండు ఫౌళ్లు చేసినవాడు, మూడోదీ పోతే బయటికేనని, ఈసారి చెక్కకు జానెడు ముందే దూకాడు. దూరం తగ్గింది గానీ పోటీలో నిలిచాడు.

నావి కూడా రెండు అయిపోయాయి. కానీ అతనికి ఎదురుగా ఇసుక ఉంది. పాస్‌పోర్టు లేకుండా దొరికితే నన్నేం చేస్తారో నాకు తెలియదు.

గురువారం సాయంత్రంలోగా జవాబివ్వు. నీకు రాయడం రాదని తెలుసు. పో అనో, ఉండు అనో ఒక్క మాట చాలు.

నీ చెల్లెలు