నా పేరున ఒక ఇల్లు

మార్చి 9, శనివారం

ఇవాళ ఒక వంటగట్టు మీద మనసు పడ్డాను. ముందు ఇల్లు కాదు, గట్టే నచ్చింది.

నా పేషెంట్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. నేను పడవ తాత అంటాను. సరస్సులో ఫెర్రీ నడిపి రిటైరయ్యాడు. ఇంజన్ రొద చెవులు తినేసింది. హియరింగ్ ఎయిడ్ పెట్టింది నేనే. అది కీచుమంటోందని, సిటీ దాకా రాలేనని కబురు చేశాడు. సెలవే కదా అని మా ఆయన, నేను కారేసుకుని వెళ్ళాం. కొండ వాలులో చిన్న టౌన్. సరస్సు వైపు పెద్ద కిటికీలున్న ఇల్లు.

పనయ్యాక, టీ మీరే పెట్టుకోండి అని నన్ను వంటింట్లోకి పంపాడు. గట్టు సరిగ్గా నా నడుము దగ్గరికి వచ్చింది. పోయిన వాళ్ళావిడ నాలాగే పొట్టిదట. ఆమె కోసం తనే కట్టాడట. ఈ దేశంలో వంటగట్లన్నీ నా ఛాతీ దాకా వస్తాయి. మా ఫ్లాట్‌లో ఇన్నేళ్ళూ పీట ఎక్కే వండాను. అక్కడ నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి కప్పులు కడిగాను. రెండు కప్పులకి ఇంతసేపా అని మా ఆయన వచ్చి చూశారు.

తాత చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

మార్చి 10, ఆదివారం

కొంటాను.

మార్చి 13, బుధవారం

మా ఆయనకి చెప్పాను. నవ్వలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ మాటకైనా ముందు బరువెంతో చూస్తారు. ఫ్లాట్ లోన్ తీరిపోయింది, అమ్మాయి ఉద్యోగంలో కుదురుకుంది, మోయగలం అన్నారు చివరికి. మా ఆడపడుచు మాత్రం ఫోన్‌లో, ఒక ఇంటి బూజు దులిపేసరికే నడుం పడిపోతుంటే రెండోదెందుకు వదినా, అంది. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ పరాయి దేశంలో కొని చూడు అనలేదు కదా, అది కూడా చూస్తాను, అన్నాను.

మార్చి 20, బుధవారం

లాయర్ దగ్గరికి వెళ్ళాం. కొంచెం చిక్కుందట. మాలాంటి ఫారిన్ రెసిడెంట్లు ఉండటానికి ఒక ఇల్లు కొనుక్కుంటే ఎవరూ అడగరు. అలాంటి చిన్న టౌన్‌లో రెండో ఇల్లంటే మాత్రం అక్కడి టౌన్ కమిటీ పర్మిట్ ఇవ్వాలి. ఇవ్వకపోనూ వచ్చు.

దగ్గరి దారి కూడా ఆయనే చెప్పాడు. మా అమ్మాయి ఈ దేశ పౌరురాలు. దాని పేరు మీద కొంటే పర్మిట్ గొడవే లేదు. మా ఆయన మొహం వెలిగింది. లాయర్ పెన్ను తీశాడు.

వద్దన్నాను. నా నోటికి నేనే ఆశ్చర్యపోయాను.

కారెక్కి బెల్టు పెట్టుకున్నాను. తర్వాత చెప్పాను. ఈ దేశంలో దిగిన రోజు నాకిచ్చిన కార్డులో నా ఫొటో కింద 'డిపెండెంట్' అని ఉంది. ఫ్లాట్ కొన్నప్పుడు, ఆ కార్డు ఉన్నదాన్ని కాబట్టి, కాగితాల్లో నా పేరు చేర్చడానికి కుదర్లేదు. ఎవరి తప్పూ కాదు, రూలు. ఆ తర్వాత వాళ్ళ భాషలో చదివాను, పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను, సొంత కార్డు తెచ్చుకున్నాను, క్లినిక్ తలుపు మీద పేరు రాయించుకున్నాను. పౌరసత్వం ఎందుకు తీసుకోలేదని అందరూ అడుగుతారు. తీసుకుంటే పుట్టిన దేశానిది వదులుకోవాలి. వదల్లేదు, అంతే. మీ మీద కోపం లేదు, అమ్మాయి మీద అనుమానం లేదు, ఒక్క ఇంటి కాగితం మీద నా పేరు చూసుకోవాలి, అన్నాను.

 ఆయన మేం తిరగాల్సిన మలుపు దాటేసి చాలా దూరం పోనిచ్చారు.

మార్చి 24, ఆదివారం

అమ్మాయి వచ్చింది. విషయం తెలిసి మొహం ముడుచుకుంది. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అనేసింది. కళ్ళలో నీళ్ళు.

"పిచ్చిదానా, ఇది నువ్వు నాకు ఇచ్చేది కాదే. నేను నీకు ఇవ్వాల్సింది. నాది కాకుండా నీకెలా ఇస్తాను?" అన్నాను.

అలిగే వెళ్ళింది. డబ్బా నిండా కూర మాత్రం పట్టుకెళ్ళింది.

ఏప్రిల్ 15, సోమవారం

అప్లికేషన్ ఇచ్చేశాం. పడవ తాత సెప్టెంబర్ చివరిదాకా ఆగుతానన్నాడు. ఈ దేశస్థుడే ఒకాయన మొత్తం సొమ్ము చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడట. ఆగాల్సిన అవసరం తాతకి లేదు. నీ గొంతు నాకు బాగా వినిపిస్తుంది, అందుకే, అన్నాడు.

జూన్ 8, శనివారం

అభ్యంతరం వచ్చింది. పెట్టింది తాత ఇంటికి ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టావిడ.

పొద్దున్నే ఒళ్ళు మండిపోయింది. నా రంగు చూసే అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. మా ఆయన వద్దంటున్నా ఒక్కదాన్నే కారు తీశాను.

ఆ వీధిలో మొదటిసారి నింపాదిగా నడిచాను. మార్చిలో సరస్సే చూశాను తప్ప వీధిని చూడలేదు. పొడుగునా దిగిన షట్టర్లే. పోస్టు డబ్బాల్లోంచి ప్రకటనల కాగితాలు వేలాడుతున్నాయి. బడి గేటుకి తాళం. అన్నీ ఎవరివో రెండో ఇళ్ళు.

కొట్లోకెళ్ళి రొట్టె అడిగాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. రొట్టె చుట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాక, సూటిగా చూసి ఒకే మాట అంది: "మీరంటే నాకేం లేదు. మూసిన కిటికీలంటేనే."

తిరుగుదారిలో కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఆవిడ చెప్పింది నిజం. అదే వచ్చిన తంటా.

సెప్టెంబర్ 17, మంగళవారం

రేపు కమిటీ హియరింగ్. ఏడాది పొడవునా అక్కడే ఉంటానని చెప్పెయ్యండి, ఎవరూ వచ్చి చూడరు అంటాడు లాయర్. రోజంతా చెవులతో పనిచేసేదాన్ని. ఆ అబద్ధం నా చెవికే ఒప్పలేదు.

సెప్టెంబర్ 18, బుధవారం

మూసేసిన బడిలోనే మీటింగ్. పిల్లల కుర్చీలు. నాకొక్కదానికే సరిపోయాయి.

చైర్మన్ ప్రతి మాటకీ మెడ తిప్పుతున్నాడు. కుడిచెవి మంచిది, ఎడమది మందం. నా కుర్చీ కుడివైపుకి జరుపుకున్నాను. ఆయనకి అర్థమై నవ్వాడు. 

ఎందుకీ ఇల్లు అని అడిగారు. వంటగట్టు సంగతి చెప్పాను. పెద్దపెద్ద కారణాలు రాసుకుని వెళ్ళాను, ఒక్కటీ నోటికి రాలేదు.

రొట్టెల కొట్టావిడ లేచింది. చలికాలంలో కిటికీలు ఎవరు తెరుస్తారని అడిగింది.

శుక్రవారం సాయంత్రాలు వస్తాను, ఆదివారం దాకా ఉంటాను, మిగతా రోజులు సిటీలో పేషెంట్లుంటారు, అంతకంటే ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది, అన్నాను.  లాయర్ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. మా ఆయన. ఆయనకి ఈ భాషలో వచ్చింది లిఫ్టుల మాటలు, కొట్ల మాటలు. సభలో నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు. "నేను వచ్చే నెల రిటైర్. కిటికీలు నేను తెరుస్తాను. రోజూ. ఇల్లు ఆవిడది. నేను డిపెండెంట్."

అందరూ గొల్లున నవ్వారు. ఆయన జోక్ వెయ్యలేదు. చెవులు ఎర్రబడి కూర్చున్నారు. ముందుగా ఇంట్లో నాతో ఒక్క ముక్క అనలేదు, చూడండి!

దారిలో అడిగాను, నిజంగా ఉంటారా అని. లిఫ్టులెక్కి దిగి విసుగొచ్చింది, కొంచెం కొండెక్కుతాను, అన్నారు.

సెప్టెంబర్ 27, శుక్రవారం

పర్మిట్ వచ్చింది! ఒక్క ఓటు తేడాతో. అద్దెకివ్వకూడదు, ఏ నెలా ఖాళీగా పెట్టకూడదు అని షరతు. రొట్టెల కొట్టావిడ తన అభ్యంతరం వెనక్కి తీసుకోలేదట. అది కూడా ఎందుకో నచ్చింది. ఇవ్వరేమో అనుకున్నవాళ్ళే ఇచ్చారు. జాలిపడి ఇచ్చింది కాదు, నిజం విని ఇచ్చింది.

క్లినిక్‌లో ఒక పేషెంట్ చెవిలో హియరింగ్ ఎయిడ్ అచ్చు పెడుతూ కూనిరాగం తీశానట. మీ పాట బాగా వినిపిస్తోంది డాక్టర్ అన్నాడాయన.

నవంబర్ 15, శుక్రవారం

రిజిస్ట్రేషన్. నా పేరు, ఇంటిపేరుతో కలిపి, వాళ్ళ గడిలో పట్టలేదు. ఆఫీసరమ్మ పొట్టి చెయ్యనా అని అడిగింది. వద్దు, రెండో లైన్‌లోకి వెళ్ళనివ్వండి అన్నాను. గట్టిగా చదవమంటే తడబడింది. నేనే పలికి చెప్పాను. మళ్ళీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది. సంతకం తెలుగులో పెట్టాను.

సాక్షి సంతకం మా అమ్మాయిది. అలక ఎప్పుడు పోయిందో తెలీదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఓనర్ దగ్గర నువ్వొక్కదానివే ఉన్నావమ్మా అంది. ఏదో వింత చూసినట్టు. కాసేపటికి ఫొటో తీసుకుంది.

పడవ తాత తాళాలు తెచ్చాడు. అలవాటు కొద్దీ మా ఆయన ముందుకి చాచాడు. మా ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నారు. తాత ఒక్క క్షణం ఆగి, నా వైపు తిరిగి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

ఏడవలేదు. ఏడవకూడదని ముందే అనుకున్నాను. తల మాత్రం చాలాసేపు దించలేదు.

డిసెంబర్ 14, శనివారం

రోడ్డు మీద ఎవరో కొత్తవాళ్ళు సరస్సుకి దారి అడిగారు. నేరుగా దిగండి, మూలమీద నా ఇల్లొస్తుంది, దాన్ని పట్టుకుని కుడివైపు తిరగండి, అని చెప్పాను.