కొక్కెం విప్పితే నిలిచే ఇల్లు

శంషాబాద్,
ఆదివారం.

కీర్తన డాడీకి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మామయ్య, కీర్తన, నేను క్షేమంగానే ఉన్నాం. మీరు కూడా మంచి ఆరోగ్యంతో ఉన్నారని మీ ఉత్తరంలోని తిట్లు చదివాక తెలిసింది. నాలుగు పేజీలు తిట్టాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి కదా. ఆ అరుణాచల్ కొండల్లో సిగ్నల్ దొరకక ఉత్తరం రాశానన్నారు. మంచిదే అయింది. ఫోన్లో అయితే నా జవాబు సగంలో ఉండగానే పెట్టేస్తారు. కాగితంతో ఆ సౌకర్యం లేదు, చివరిదాకా చదవండి.

ముందు మీరు అడిగినవి. మామయ్య బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. వేసుకున్నానని చెప్పి దిండు కింద దాచే అలవాటు మాన్పించాను. కీర్తనకు ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు. మీరు డ్యామ్ పని ముగించుకుని వచ్చేదీ అప్పుడే. ముగ్గురం కన్యాకుమారి దాకా వెళ్దామన్న మాట మీద నాకు గొడవ లేదు. గొడవంతా ఎందులో వెళ్లాలన్న దాని మీదే.

"మోటార్‌హోమే కావాలి. వ్యానులోనే మంచం, పొయ్యి బిగించమని జంగయ్యకు చెప్పు. నీ తెలివి వాడకు" అని రాశారు. శనివారం పాల్మాకుల రోడ్డులో జంగయ్య షెడ్డుకు వెళ్లాను. నా తెలివి వాడే వచ్చాను. ఆయన వ్యాన్లకు బాడీ కడుతూ తల నెరిసిన మనిషి, మీలా అరవకుండా విడమర్చి చెప్పాడు.

"మోటార్‌హోమంటే ఇంజనూ ఇల్లూ ఒక్కటే చెల్లే. బండి యాడికి పోతే ఇల్లు ఆడికి పోతది. కారవాన్ గట్ల గాదు. కారు ముంగట, ఇల్లు ఎనక. నడుమ కొక్కెం ఉంటది. నచ్చిన కాడ ఆపి కొక్కెం ఇప్పుకొని, ఉత్త కారేసుకొని తిరగొచ్చు."

"కొక్కెం ఇప్పినంక ఇల్లు యాడ ఉంటది అన్నా?"

"యాడ ఇప్పితే ఆడనే ఉంటది. ఇంకెటు పోతది?"

"అయితే నాకు గదే కావాలె."

"రూబెన్ తమ్ముడు మోటార్‌హోమ్ అన్నడు గద?"

"నీ తమ్ముడు కొండల మీద ఉన్నడు. నేను ఈడ ఉన్న."

ఎందుకు కారవానే కావాలన్నానో మీకు తెలుసు. తెలియనట్టు నటిస్తారు కాబట్టి గుర్తు చేస్తున్నాను. రాజేంద్రనగర్‌లో పెళ్లికి వెళ్లి, కూర్చున్న చోట మాటకు మాట చెప్పానని నన్ను అక్కడే వదిలేసి కారు తీసుకుని వచ్చేశారు. జల్‌పల్లిలో ఇంకోసారి. మూడోసారి కర్నూలు ప్రార్థన సభల నుంచి తిరిగి వస్తుంటే, జడ్చర్ల దాటాక. దారి తప్పామని ఒక్క మాట అన్నాను. నీళ్ల బాటిల్ కోసం నేనూ కీర్తనా దిగగానే కారు వెళ్లిపోయింది. నా ఫోనూ చెప్పులూ కారులోనే ఉన్నాయి. మే నెల ఎండ. కీర్తన తన చెప్పుల్లో ఒకటి విప్పి నాకిచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పు నా పాదంలో సగానికి వచ్చింది. ఇద్దరం ఒంటికాలి మీద నిలబడి బస్సు కోసం చూశాం.

క్రిస్మస్ విందులో మీరు దాన్ని జోకుగా చెప్పారు. "జర సేపు రోడ్డు మీద నిలవెట్టిన, అకల్ ఠికానకొచ్చింది" అన్నారు, నాకు బుద్ధి వచ్చిందని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మోటార్‌హోమ్ బొమ్మ చూపిస్తే కీర్తన ఏమడిగిందో తెలుసా? "అమ్మా, ఈసారి డాడీకి కోపమొస్తే మన మంచం గూడ పోతదా?" దానికి జవాబు మీరు రాయండి.

కారవాన్ వద్దనడానికి మీరు రాసిన కారణం ఒక్కటే. "వెనక తగిలించిన బండిని రివర్స్ తీయడం క్రేన్ నడిపే నాకే రాదు, నీ మొహానికి వస్తుందా?" అన్నారు. ఈ మాట అనకపోయి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది ఇంకొన్నాళ్లు దాచేదాన్నేమో.

ఎయిర్‌పోర్టులో నేను సామాన్లకు ట్యాగులు వేస్తున్నానని మీరు అందరికీ చెబుతున్నారు. ఆ పని వదిలి పద్నాలుగు నెలలైంది. విమానాల దగ్గరికి సామాన్ల ట్రాలీలు లాగే ట్రాక్టర్ నడుపుతున్నాను. లైసెన్సు ఉంది, లోపల నడిపే పర్మిటూ ఉంది. ట్రెయినింగ్‌లో అందరినీ ఏడిపించేది రివర్సే. వెనక ట్రాలీ కుడికి రావాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. మొదటి వారమంతా నేనూ ఏడ్చాను. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేది నేనే.

పాల్మాకుల గ్రౌండులో నాకు కారు నేర్పిస్తానని, రెండో రోజే తాళం లాక్కుని నన్ను దించేసిన మనిషికి ఈ సంగతి ఎలా చెప్పను? భయపడి దాచాను. ఇప్పుడు భయం పోయింది, కోపం మాత్రమే ఉంది. మామయ్యకు మొదటి రోజే చెప్పాను. "వాడు నా కొడుకే గని, బండి నీ చేతుల ఉంటేనే నాకు నిద్ర వడ్తది బిడ్డా" అన్నారు.

కాబట్టి నిన్ననే జంగయ్యకు కారవాన్ కట్టమని చెప్పేశాను. ఇష్టం లేకపోతే మీరు కన్యాకుమారికి రైల్లో రండి, మేమిద్దరం ముందే చేరుకుని ఉంటాం. ఇష్టమైతే మాతో రండి. ఆగిన చోట కోపమొస్తే కారు తీసుకుని ఎంత దూరమైనా పొండి. మంచం, పొయ్యి, కీర్తన, నేను కొక్కెం విప్పిన చోటే ఉంటాం.

రోడ్డు మీద మాత్రం స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది, మీరు పక్క సీట్లో కూర్చుంటారు. దారిలో నీళ్ల బాటిల్ కోసం దిగాల్సి వస్తే, చెప్పులు వేసుకుని దిగండి.

ఇట్లు,
జడ్చర్ల నుంచి నడక మొదలుపెట్టిన
మీ భార్య,
వినీల