మరియం చూడబోయే కాలువ

బుధవారం రాత్రి

ఆయనకు దగ్గు తగ్గలేదు. కోడలికి నడుం నొప్పి. నాకు గుండె దడ.

ఆఫ్రికా దేశాలన్నీ ఒక్కటై ఊరూరా కాలువలు తవ్విస్తున్నాయట. అక్కడి నుంచి సేద్యం చూడ్డానికి వచ్చిన మరియం అనే పిల్ల ఇవాళ మా ఇంట్లో కూర్చుని, వెంట వచ్చిన మా కాలువల ఆఫీసరు చేత తెలుగులో అడిగించింది: "మా ఊరికి కాలువొచ్చింది, నీళ్ళు రాలేదు. మీకు ఎన్నేండ్లకొచ్చినయి?"

మాది నీళ్ళు అందని, కాలువ చివరి ఊరు. మావాడు నవ్వాడు. "మా తాత గూడ గిదే అడిగెటోడు, చెల్లె."

ఆఫీసరు కసిరాడు. "ఊకో అన్నా! గేటు తీపిచ్చి ఒక్కరోజన్న నీళ్ళు చూపిస్తం." తర్వాత ఆమెకు ఇంగ్లీషులో ఏం చెప్పాడో, ఆ పిల్ల మురిసిపోయి నా చెయ్యి పట్టుకుంది.

ఆ ఒక్కరోజు నీళ్ళు చూసి తన ఊరికి పోయి, నీళ్ళు వస్తాయి, ఆగండి అని చెబుతుంది కాబోలు. వాళ్ళ చేలు కూడా ఎండిన మా వరిలాగే...

సోమవారం వస్తారు, నీళ్ళు చూడటానికి.