కంప లేని దావ

ఓబులూ,

నువ్వు పోయి పది నెలలయింది. ఎలా ఉన్నావని అడగను. అడిగితే ఏం చెబుతావు... “బాగుండాలేక్కా” అంటావు. జ్వరంతో మూలుగుతూ కూడా అదే అనేవాడివి.

ఇది ఏడుస్తూ రాస్తున్న ఉత్తరం కాదు. ఏడ్చేదేదో కార్తీకంలోనే ఏడ్చేశాను. ఇప్పుడు ఒళ్లు మండిపోతోంది. ఎవరెవరి మీదో చెబుతాను, అందులో నువ్వూ ఉన్నావు.

ముందు ఒక సంగతి. నువ్వు ఎందుకు పడిపోయావో నీకు తెలుసా? తెలియదు. తెలుసుకునే వ్యవధి నీకెక్కడిది? నాకే ఎండాకాలంలో తెలిసింది.

జమ్మలమడుగులో ఎవరిని అడిగినా కాలు జారిందన్నారు. నేను పాసులు రాసే బస్సు డిపోలో, నా కిటికీ ముందే నిలబడి, ఫోను చూసుకుంటూ నడిచాడట అన్నారు. కాగితాల్లో అజాగ్రత్త అని రాశారు. అజాగ్రత్తా! వారమంతా ఆటో తోలి, ఆదివారం తెల్లారకముందే గండికోటకు పోయి, ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి వచ్చిన వాళ్లను పిల్లలను దించినట్టు ఆ ఎర్రబండల సందుల్లోంచి పెన్న దాకా దించి, మళ్లీ గట్టెక్కించేవాడివి. నువ్వా అజాగ్రత్త మనిషివి?

వాళ్ల మాటలు సరే, ఊరివాళ్లు. మన కొండ మనుషులు ఇంకో మాట అనుకున్నారు. అది నాతో అనలేదు. నన్ను చూసి తల తిప్పుకునేవాళ్లు. గొర్రెల గంగన్న మామ నీ దినాలకు కూడా రాలేదు, తెలుసా? నాయన బతికుండగా ఆయనతో కలిసి ముప్పై ఏళ్లు మందలు తోలిన మనిషి! వాళ్లంతా ఏమనుకున్నారంటే... నువ్వు కంప దాటావని.

నీకు కొత్తగా చెప్పేదేముంది. వాన వెలిశాక కోనలోకి మొదట దిగినవాడు దావ చూస్తాడు. బండ కదిలినా, మట్టి జారినా రేగుకంపో తుమ్మకంపో నరికి దావకు అడ్డంగా వేసి, మొదలు మీద రాయి పెట్టి పోతాడు. వెనక వచ్చినవాడు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడగడు. మందనంతా తిప్పుకుని వేరే దావ పడతాడు. నీకు తొమ్మిదేళ్లప్పుడు ఒక కంప మీదుగా దూకితే నాయన అదే కంప పుల్లతో నీ పిక్కలు వాయగొట్టాడు. అమ్మ వేపనూనె రాస్తూ నాయనను తిట్టింది. నువ్వు మాత్రం, “నాయనది తప్పు లేదులేమ్మా” అన్నావు. ఆ తర్వాత ఎప్పుడైనా దాటావా? నాకు తెలుసు, దాటలేదు. కానీ చచ్చినవాడి తరఫున ప్రమాణం చేస్తే ఎవరు నమ్ముతారు?

ఎండాకాలంలో గంగన్న మామ మన గడప దగ్గరకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడి చెప్పాడు. నువ్వు పోయిన వారం పడిన వానకు, కోనలోకి కాలుపెట్టి దిగే మెట్టుబండ పగులు ఇచ్చిందట. కంప నరికి వేసింది ఆయనేనట. నువ్వు దాన్ని దాటి పోయావని ఇన్ని నెలలు నీ మీద కోపం పెట్టుకున్నాడట. అంతకు రెండు రోజుల ముందే, గట్టు మీద టూరిస్టులకు వేసిన టెంట్ల దగ్గర వంటచేసే ఆమె మాటల్లో చెప్పిందట... నువ్వు పోవడానికి ముందురోజు టెంట్లవాళ్లకు చలిమంటకు కట్టెలు చాలలేదని.

అర్థమయిందా ఓబులూ? నాలుగు ఎండలకు ఎండిన కంప వాళ్లకు చేతికందింది. రాయి పక్కకు దొర్లించి, లాక్కుపోయి తగలబెట్టారు. దాని చుట్టూ కుర్చీలు వేసుకుని ఫొటోలు దిగారు. తెల్లారి నువ్వు వచ్చావు. చూశావు. కంప లేదు.

“కంప ఉంటే తిరుక్కో, కంప లేకుంటే నడువు. ఇంగ మ్యాపులు ఏంటికప్పా?” అని ఫోన్లు పట్టుకొచ్చిన ప్రతివాడికీ నవ్వుతూ చెప్పేవాడివి కదా. ఆ రోజు కూడా అదే చెప్పి, “ముందు నేను దిగి చూచ్చా, పిల్చినాకనే మీరు రాండి” అన్నావట. నువ్వు పిలవలేదు కాబట్టి వాళ్లు బతికారు. ఆ రోజు నీ వెంట వచ్చిన ప్రొద్దుటూరు అబ్బాయిలిద్దరూ మన ఇంటికి వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. అమ్మే వాళ్లకు మజ్జిగ ఇచ్చి ఓదార్చింది.

ఇప్పుడు నీ వంతు. ఆ టెంట్లు వచ్చి రెండేళ్లయింది. అక్కడ టీ తాగావు, వాళ్ల కుర్చీల్లో కాళ్లు చాపుకుని కూర్చున్నావు, ఆ ఓనరును అన్నా అన్నా అని పిలిచావు. కంప అంటే ఏమిటో ఒక్కసారి, ఒక్కసారైనా వాళ్లకు చెప్పావా? నేను అడిగితే ఏమన్నావు? “కొండకు వచ్చినోనికి కొండే నేర్పిచ్చాదిలేక్కా.” నేర్పిందిరా. వాళ్లకు కాదు, నీకు. కొండకు కొత్త మనుషులు వచ్చారని చూశావు కానీ, కొండ మాట తెలియని మనుషులు వచ్చారని నీ మట్టిబుర్రకు ఎందుకు తట్టలేదు?

అమ్మ ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తుంది. ఎవరికమ్మా అంటే నాకే అంటుంది. ఆమెకు ఉగ్గాని పడదు.

అసలు కథ ఇంకా ఉంది. చవితి పోయిన వారం ఆ ఓనరు మిఠాయి డబ్బాతో ఇంటికి వచ్చాడు. నీ జ్ఞాపకంగా దావకు నీ పేరు పెడుతున్నాడట. ‘ఓబులేసు ట్రెక్కింగ్ రూట్.’ నేను వచ్చి రిబ్బను కత్తిరించాలట, శాలువా కప్పుతాడట. అమ్మ కళ్లు తుడుచుకుని ఆయనకు దండం పెట్టింది. నేను ఏ దావ అని అడిగాను. ఫోనులో ఫొటో చూపించాడు. బోర్డు మీద నీ పేరు, కింద బాణం గుర్తు. ఆ బాణం ఎటు చూపిస్తోందో తెలుసా? అదే మెట్టుబండకు. నువ్వు పడిన చోటికి! ఒక తాడు కట్టారట, ఇంక భయం లేదట. కంప సంగతి ఎత్తితే, ఆ చెత్తంతా ఎప్పుడో శుభ్రం చేయించానమ్మా అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

వస్తానని చెప్పాను.

నిన్న పోయాను. టిఫిను సంచిలో నాయన కొడవలి పెట్టుకుని పోయాను. గంగన్న మామను కూడా రమ్మన్నాను. అక్కడ రంగురంగుల బూట్లు వేసుకుని ఒక గుంపు నిలబడి ఉంది, ప్రొద్దుటూరు వాళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో. నవ్వుకుంటున్నారు. అచ్చం నీ ఆదివారం మనుషులే. శాలువా కప్పారు. కత్తెర చేతికిచ్చారు. నేను కత్తెర పక్కన పెట్టి, రిబ్బను కింద దూరి, పక్కనున్న తుమ్మ దగ్గరకు పోయి కొడవలి తీశాను.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఓనరు మొదట నవ్వాడు, తర్వాత అరిచాడు. ఫోన్లన్నీ నా మీదకే తిరిగాయి. తిరగనీ. మామ కొమ్మ వంచాడు, నేను నరికాను. శాలువా ముళ్లకు పట్టుకుంటే అక్కడే వదిలేశాను. కంప ఈడ్చుకొచ్చి నీ దావకు అడ్డంగా వేశాను. చేతులు చీరుకుపోయాయి, అప్పుడు తెలియలేదు.

మొదలు మీద పెట్టడానికి రాయి వెతికాను. చుట్టుపక్కల అంతా శుభ్రం చేయించాడు కదా మహానుభావుడు, గట్టి రాయి ఒక్కటి లేదు! నీ పేరు బోర్డు మాత్రం ఉంది, సిమెంటు పోసిన డబ్బాలో నిలబెట్టింది. నేనూ మామా దాన్ని ఒరిగించి, దొర్లించి, కంప మొదలు మీద పడేశాం. కదలకుండా కూర్చుంది. నీ బరువు మొదటిసారి మంచి పనికి వచ్చిందిరా.

అప్పుడు ఆ గుంపు వైపు తిరిగి చెప్పాను. కంప అంటే ఏమిటో, దాన్ని ఎవరు కాల్చారో, నువ్వు ఎందుకు దిగావో, అంతా. ఓనరు నా మాటకు అడ్డం పడుతూనే ఉన్నాడు. కేసు పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను. ఆ గుంపులో ఒకమ్మాయి ముందుగా సంచి భుజానికి తగిలించుకుని వెనక్కి తిరిగింది. తర్వాత ఒకరి వెంట ఒకరు. ఒక్కరూ దాటలేదు.

వాళ్లు దాన్ని తీసేస్తారు, నాకు తెలుసు. తీయనీ. వాన పడ్డ ప్రతిసారీ వచ్చి చూస్తాను, తీసి ఉంటే మళ్లీ వేస్తాను. మన సీమలో దేనికైనా కరువు ఉందేమో గానీ కంపకు కరువా?

నీ మీద కోపం ఇంకా పోలేదు. పోదు కూడా, ఆశ పెట్టుకోకు.

అక్కడ నాయన నీతో మాట్లాడుతున్నాడా? కంప దాటి చచ్చావని ఆయన కూడా ముఖం తిప్పుకుని ఉంటే, నువ్వు దాటలేదని చెప్పు. నమ్మకపోతే అక్క చెప్పిందని చెప్పు.

నీ అక్క,
నాగమ్మ