సోడా కాదు, క్లోరినూ కాదు

ఫిబ్రవరి 9

ఒక కురుపు. చెప్పుకోలేని చోట. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు, మంట లేదు, చీము లేదు. నొక్కితే మాత్రం చొక్కా గుండీలా గట్టిగా ఉంది.

పెళ్లయి నెల తిరిగింది. నలభై ఒకటో ఏట కొత్త పెళ్లికూతుర్ని. తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. ఈ కురుపు సంగతి ఆయనకి ఏమని చెప్పను? రెండ్రోజులు చూస్తాను.

ఫిబ్రవరి 15

అలాగే ఉంది. చెప్పలేదు.

ఆయనకి నన్ను చూస్తే ఎంత మురిపెమో. నేను పనిచేసే హోటల్ పూల్లోనే పిల్లలకి ఈత నేర్పుతాడు. అందరికీ ఈతమాస్టారు, నాకూ మాస్టారే. తువ్వాళ్లు గరుగ్గా ఉతుకుతున్నారని పోట్లాడ్డానికి మొదటిసారి కిందికి, మా లాండ్రీలోకి వచ్చాడు. నేను పొగరుగా జవాబు చెప్పాను. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. తువ్వాళ్లు మాత్రం ఇప్పటికీ గరుగ్గానే ఉన్నాయి.

మొదటాయన పోయాక తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను. పొద్దుట లేవగానే ఎవరో నా కోసం టీ పెడుతున్న చప్పుడు ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఇప్పుడు రోజూ వింటున్నాను. ఆ చప్పుడు వినాలని మెలకువ వచ్చినా కళ్లు మూసుకుని పడుకుంటాను.

ఫిబ్రవరి 28

కురుపు మానిపోయింది. మందూ లేదు, మాకూ లేదు. దానంతటదే పోయింది. ఎందుకంత హైరానా పడ్డానో.

మార్చి 22

మాస్టారు ఇంట్లో కూడా సాక్సు విప్పడం లేదు. ఇదేం ఫ్యాషన్ అని ఏడిపించాను. క్లోరిన్ నీళ్లకి పాదాలు పాడయ్యాయట, ఏదో క్రీము రాసుకున్నాడట. పడుకునేటప్పుడు కూడా అంతే. పెళ్లికొడుకు బూట్లేసుకుని పడుకోనందుకు సంతోషించాలి కాబోలు.

ఏప్రిల్ 5

అరచేతుల నిండా మచ్చలు. ఎర్రగా, కొంచెం రాగి రంగులో. గొంతు నొప్పి, ఒళ్లు వెచ్చగా ఉంటోంది. దువ్వెన నిండా జుట్టు.

ఆవిరక్కకి చూపించాను. నా పక్కన రోలర్ మెషిన్ మీద దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది, పొద్దస్తమానం ఆవిరిలోనే ఉంటుంది, అందుకే ఆ పేరు. చూడగానే తేల్చేసింది. బట్టలు నానబెట్టే సోడానేనట. మన సెక్షన్లో అది తగలని చెయ్యి ఉందా, ఇంతమాత్రానికి డాక్టరెందుకు, నా ఆయింట్‌మెంట్ పట్టుకుపో అంది. సూపర్‌వైజర్ కొత్త గ్లవ్స్ కూడా ఇచ్చాడు. అడగకుండా ఆయన ఏదైనా ఇవ్వడం ఇదే మొదలు.

ఏప్రిల్ 12

గ్లవ్స్ వేసుకున్నా తగ్గలేదు. ఆయింట్‌మెంట్ అయిపోయింది.

ఒకటి అర్థం కావడం లేదు. సోడా వల్లయితే దురద పుట్టాలి. చేరిన కొత్తలో నాకు చేతులు దురద పుట్టి నిద్ర ఉండేది కాదు. ఇవి అసలు దురదే పెట్టవు.

ఏప్రిల్ 14, సాయంత్రం

డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను. మాస్టారు ఎప్పట్లాగే నా పాదాలు ఒళ్లో పెట్టుకుని నొక్కుతున్నాడు. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి. ఏమిటంటే ఏం లేదన్నాడు. పాదాలు మెల్లిగా కిందపెట్టి, బజారుకెళ్లొస్తానని వెళ్లాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

తర్వాత అద్దం కిందపెట్టి చూసుకున్నాను. అరికాళ్ల నిండా అవే మచ్చలు.

చేతులు సోడాలో పెడతాను, సరే. కాళ్లెప్పుడు పెట్టాను?

ఏప్రిల్ 15

సెలవు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. మాస్టారికి చెప్పలేదు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు మేనకోడలంత ఉంటుంది. చేతులు చూసింది, కాళ్లు చూసింది, నోరు తెరవమంది. తర్వాత తలుపు మూసొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఈమధ్య ఎక్కడైనా నొప్పిలేని పుండు వచ్చి దానంతటదే మానిందా అని అడిగింది. ఈ పిల్లకెలా తెలుసు? తలొంచుకుని చెప్పాను. అదే మొదటి గుర్తట. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరట. పుండు మానుతుంది గానీ జబ్బు పోదట, రక్తంలో ఉండి ఇదిగో ఇలా అరచేతుల్లో, అరికాళ్లలో తేలుతుందట. సిఫిలిస్ కావచ్చు, రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందంది.

ఆ జబ్బు నాకు పెద్దవాళ్లు తిట్టుకునేటప్పుడు విన్న సుఖరోగమనే పేరుతో తెలుసు. నాకా? తొమ్మిదేళ్లు గడప దాటి ఎవర్నీ చూడని నాకా? అక్కడే ఏడ్చేశాను. డాక్టరమ్మ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మంచినీళ్లిచ్చి, ఇది ఇంజెక్షన్‌తో పూర్తిగా నయమయ్యే జబ్బు, తొందరగా వచ్చి మంచి పని చేశారు అంది. మీ ఆయన కూడా రావాలి, ఆయనకి వైద్యం జరక్కపోతే మీకు మళ్లీ అంటుకుంటుంది అంది.

హోటల్ తువ్వాళ్లు, దుప్పట్లు నేను ముట్టుకోవచ్చా అని అడిగాను. పూల్ గురించి కూడా అడిగాను. తువ్వాళ్లతో రాదు, నీళ్లతో రాదు, ఆ భయం వద్దంది.

ఏప్రిల్ 17

రిపోర్టు వచ్చింది. అదే.

ఇంటికి వెళ్తూ దారంతా ఏమేం అనాలో కూడబలుక్కున్నాను. ఒక్కటీ గుర్తులేదు. తలుపు తియ్యగానే, ముందు ఆ సాక్సు విప్పు అన్నాను. వంగి విప్పాడు. నావి, ఆయనవి, నాలుగు పాదాలూ ఒక్కలాగే ఉన్నాయి.

కూర్చుని అంతా చెప్పాడు. మొదటి భార్య వదిలేసి వెళ్లాక, నేను పరిచయం కాకముందు, తోచక ఒకావిడ దగ్గరికి వెళ్లేవాడట. మా పెళ్లికి ముందు తనకీ చిన్న పుండు వచ్చి మానిపోయిందట. పొద్దల్లా నీళ్లలో నానే ఒళ్లు కదా, క్లోరిన్ అనుకున్నాడట. మచ్చలు వస్తే అదీ క్లోరినే అనుకున్నాడట. ఆయనకి క్లోరిను, నాకు సోడా. ఎవరి నీళ్ల మీద వాళ్లం నేరం మోపి హాయిగా కూర్చున్నాం.

నా కాళ్లు చూశాకే, ఇది నీళ్ల వల్ల కాదని తెలిసిందట. రోజూ ఆస్పత్రి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు తెచ్చినందుకు కాదు. తెలియక తెచ్చాడు, నన్ను చూడకముందు సంగతికి నేనేం చెయ్యను? నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, చూసి, నోరు మెదపలేదే, అందుకు. ఎందుకు చెప్పలేదని అరిచాను. చెబితే నువ్వు వెళ్లిపోతావనుకున్నాను అన్నాడు. మెల్లిగా, నువ్వూ ఆ కురుపు సంగతి నాకు చెప్పలేదుగా అన్నాడు. నిజమే. నిజం కాబట్టి ఇంకా కోపం వచ్చింది. దిండు తీసుకుని ముందుగదిలోకి వచ్చేశాను.

ఏప్రిల్ 18

ఇద్దరం వెళ్లాం. ఆయనకీ రక్తం తీసుకుని, మచ్చలు చూసే అదేనన్నారు. ముందు పడుతుందో లేదోనని చిన్న టెస్ట్ డోసు, తర్వాత అసలు ఇంజెక్షను, తుంటికి. అబ్బా. సిమెంటు ఎక్కించినట్టుంది. బస్సులో నేను కుడివైపు ఒరిగి, ఆయన ఎడమవైపు ఒరిగి కూర్చున్నాం. ఎదుటి సీటు ముసలావిడ మమ్మల్నే చూస్తోంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆయన మీద కోపంగా ఉన్నాను కదా.

ఏప్రిల్ 19

ఇద్దరికీ జ్వరం, వణుకు. ఇలా రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒకరోజులో పోతుందట. ఎవరి గదిలో వాళ్లం మూలుగుతున్నాం. ఆయన గోడ పట్టుకుని వచ్చి నా నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. ఆయన చెయ్యి నా నుదురు కన్నా వేడిగా ఉంది. వెళ్లి పడుకోమని కసిరాను.

మే 10

మచ్చలు పోయాయి. ఆవిరక్క తన ఆయింట్‌మెంట్ మహిమేనని లాండ్రీ అంతా టాంటాం చేస్తోంది.

మచ్చలు పోయి, తను మళ్లీ చూసి సరేననే దాకా దూరంగా ఉండమంది డాక్టరమ్మ. ఇవాళ చూసి సరేనంది. ఆమె పెట్టిన గడువు అయిపోయింది. నాది అవలేదు. ఇంకా ముందుగదిలోనే ఉన్నాను.

జూన్ 3

మాస్టారు ఈమధ్య అన్నీ చెబుతున్నాడు. నాకిష్టమైన కప్పు పగిలింది, తనే పగలగొట్టాడట. నా దువ్వెనతో తల దువ్వుకున్నాడట. పూల్లో ఒక పిల్ల తనని బట్టతల మాస్టారు అందట, బాధేసిందట. గుమ్మం అవతల నిలబడి హాజరు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోతాడు. ఇవాళ తలుపు ఓరగా ఉంచాను.

జూన్ 17

పెళ్లికి ముందు తను వెళ్లిన ఆవిడకి కూడా కబురు చేశాడట, పరీక్ష చేయించుకోమని. డాక్టరమ్మ చెప్పమందట. ఫోను చెయ్యడానికి మూడుసార్లు బయటికి వెళ్లి వచ్చాడట. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ పాదాలు కూడా ఎవరైనా చూశారో లేదో అనుకున్నాను. లోపలికి వచ్చి కూర్చోమన్నాను.

జూలై 20

మళ్లీ రక్తపరీక్ష. రక్తంలో జబ్బు ఎంతుందో చెప్పే నంబరు బాగా తగ్గింది, ఇద్దరికీ. మందు పనిచేసిందంది డాక్టరమ్మ. ఇంకో రెండుసార్లు వచ్చి చూపించుకోవాలి, అంతే. దిండు ముందుగది నుంచి తెచ్చి నా గదిలో పెట్టుకున్నాను. మా గదిలో.

జూలై 27

ఇవాళ గెస్టులకి పూల్ సెలవు. నాకు ఈత రాదు. వీపు కింద రెండు చేతులు పెట్టి నన్ను నీళ్ల మీద పడుకోబెట్టాడు. చెప్పకుండా చేతులు తియ్యనన్నాడు.

చెప్పే తీశాడు.